నాంపల్లిలో పడక్కుర్చీ లేని ఇల్లు

రిటైరైన మనిషి ఎవరింటికి వెళ్ళినా ముందు వరండా వైపు చూస్తాడు, పడక్కుర్చీ ఉందా లేదా అని. నేనూ అంతే. గుంటూరు మిషను బళ్ళో హెడ్మాస్టరుగా ఉండి కిందటేడు దిగిపోయాక, నా కుర్చీ జోలికి ఎవరు వచ్చినా ఊరుకోకూడదని నిర్ణయించుకున్నాను. మా ఆవిడ కరుణమ్మకి ఇది బొత్తిగా గిట్టలేదు. "మా అక్కా బావా కూడా రిటైరైనవాళ్ళే కదా. హైదరాబాదు వెళ్ళి ఓ వారం ఉండి వద్దాం, వాళ్ళెలా ఉంటున్నారో చూద్దురుగాని" అని, క్రిస్మస్ పిండివంటలు డబ్బాలో ఇంకా మిగిలి ఉండగానే పోరు పెట్టింది.

నలుగురు ముసలాళ్ళం కూర్చుని కబుర్లు చెప్పుకుంటాం కదా అని సరేనన్నాను. తిరిగొచ్చాక మా వీధివాళ్ళు చార్మినార్ చూశారా, గోల్కొండ ఎక్కారా అని అడుగుతున్నారు. ఆ రెండూ చూడలేదు. చూడటానికి మా తోడల్లుడు తీరిక ఇస్తేగా! వారం రోజులూ నాంపల్లిలోనూ అబిడ్సులోనూ కోఠీలోనూ ఆ మొగుడూ పెళ్ళాల వెనక తిరగడంతోనే సరిపోయింది. మధ్యలో నేను వెలగబెట్టిన ఘనకార్యం ఒకటుంది. ఆ ఊరు వెళ్ళబోయేవాళ్ళకి పనికొస్తుందని అదీ రాస్తున్నాను.

నాంపల్లి స్టేషను

సోమవారం పొద్దున్నే దిగాం. చలికి పళ్ళు టకటకమంటున్నాయి. ప్లాట్‌ఫారం మీద నల్లకోటు వేసుకుని, గడియారం చేత్తో పట్టుకుని మా తోడల్లుడు దేవదానం అన్నయ్యగారు నిలబడి ఉన్నారు. మెదక్ వైపు మనిషి. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ బండి ఆలస్యమైతే తన ఉద్యోగం మీదికి వస్తుందన్నట్టు కంగారుపడతారు.

"ఏంది తమ్ముడూ, గింత సామాను? ఏడాది ఉంటవా ఏంది?" అన్నారు.

"వారం విశ్రాంతి తీసుకుందామని వచ్చాను అన్నయ్యగారూ."

"విశ్రాంతా? సరే తియ్యి. జర జల్ది నడువు, దవాఖానకు పొయ్యేది ఉన్నది."

రిక్షా దిగి నేను డబ్బులు ఇవ్వబోతే అన్నయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. అక్కడ ఇంకా రెండు రకాల రూపాయలు నడుస్తున్నాయి. మనది కల్దారు, వాళ్ళది హాలీ. మనదానికి విలువ ఎక్కువట. రిక్షావాడు హాలీ లెక్కన కిరాయి చెబితే నేను కల్దారు తీసి ఇస్తున్నాను, వాడు ఏమీ తెలియనట్టు ఆకాశం వంక చూస్తున్నాడు.

ఇల్లు స్టేషను వెనక సందులో, పెంకుటిల్లు. వరండాలో కుట్టుమిషను, నల్లబల్ల, సైకిలు, హార్మోనియం పెట్టె, ఊలు ఉండల బుట్ట ఉన్నాయి. కూర్చోడానికి బడిపిల్లల బెంచీ ఒకటుంది. పడక్కుర్చీ ఏదని అడిగాను.

"ఉండె. దవాఖానకు ఇచ్చినం. గీడ దాంట్ల ఎవలు కూసుంటరు?" అన్నారు అన్నయ్యగారు.

నేను పోయి బెంచీ కొసన కూర్చున్నాను.

దవాఖాన, అక్కణ్ణించి అబిడ్స్

మార్తమ్మ వదినగారు పుట్టింది గుంటూరే. పెళ్ళయి వచ్చి, ఇక్కడి ఆడపిల్లల బళ్ళో పాఠాలు చెప్పి, ఇప్పుడు ఆవిడా రిటైరయ్యారు. ప్రతి సోమవారం దవాఖానలో ఆడవాళ్ళ వార్డుకి వెళ్ళి, ఊళ్ళనుంచి వచ్చిన రోగులకి ఇంటికి కార్డులు రాసిపెడతారు. స్నానం చేసి టిఫిను తినీ తినకముందే నా చేతిలోనూ ఓ కలం పెట్టారు. "ఇన్నేళ్ళు డిక్టేషను చెప్పారు కదా మరిదిగారూ, ఇవాళ రాయండి" అని నవ్వారు.

నా వంతుకి ఒక ముసలమ్మ వచ్చింది. కడుపులో గడ్డకి ఆపరేషను చేశారు. "నేను బాగున్నాను అని మొదలుపెట్టనా?" అని అడిగాను.

"బాగున్ననని రాస్తే నన్ను చూడనీకి ఎవరొస్తరు సారూ? జర బాగలేదని రాయి. మల్ల మరీ బాగలేదనకు, పిల్లలు బుగులుపడ్తరు."

ఆ రెంటికీ మధ్య ఉండే వాక్యం కోసం నేను చాలాసేపు తంటాలు పడ్డాను. నా సర్వీసులో అంత కష్టమైన వ్యాసం ఎవరికీ ఇవ్వలేదు.

కార్డులన్నీ అబిడ్సులో పెద్ద పోస్టాఫీసుకి తీసుకెళ్ళి వేశాం. పక్కనే ఇరానీవాడి హోటల్లో అన్నయ్యగారు టీ ఇప్పించారు. టీ అంటే మనవైపు తాగే రంగునీళ్ళు కాదు, మీగడ కట్టేంత చిక్కన. దాంతో తీపీ ఉప్పూ కలిసిన బిస్కెట్టు. అణాలతో అయిపోయింది. మన కాఫీ హోటల్లో కప్పు ఖాళీ అయితే కుర్రాడొచ్చి తడిగుడ్డతో బల్ల తుడుస్తాడు, ఇక లేవండని. అక్కడ ఎంతసేపు కూర్చున్నా అడిగేవాడు లేడు. ఇదే నాకు తగిన చోటు అని కాళ్ళు చాపుకుంటున్నాను, "నడువు, పాటల ప్రాక్టీసున్నది" అని అన్నయ్యగారు లేచేశారు.

కరీం సాహెబు వరండా

ఎదురింట్లో కరీం సాహెబు ఉంటారు. సర్కారు కచేరీలో కాగితాలు చూసే పేష్కారుగా చేసి రిటైరైన పెద్దమనిషి. భార్య పోయారు. ఒక్కతే కూతురు జుబేదా, కోఠీ ఆడపిల్లల కాలేజీలో చదువుతోంది. మంగళవారం, గురువారం సాయంత్రాలు వదినగారి దగ్గరికి వచ్చి ఇంగ్లీషు చదువుకుంటుంది. పరీక్షలు దగ్గర పడ్డాయని ఆ పిల్లకంటే వదినగారికే ఎక్కువ హడావిడి.

మంగళవారం సాయంత్రం ఆ పిల్ల పాఠానికి ఇటు వచ్చింది, అన్నయ్యగారు నన్ను అటు తీసుకెళ్ళి సాహెబుగారికి పరిచయం చేశారు. చేసిన మరుక్షణం, చర్చి వెనక గదిలో రిక్షావాళ్ళకి అక్షరాలు నేర్పేది ఉందని వెళ్ళిపోయారు. ఆయన ఉండి ఉంటే ఈ కథే జరిగేది కాదు.

"ఆయియే మాస్టర్ సాబ్, కూసోండ్రి, ఇది మీ ఇల్లే అనుకోండ్రి" అని సాహెబుగారు ఎంతో మర్యాద చేశారు. పాన్‌దాను ముందుకు జరిపి స్వయంగా కిళ్ళీ చుట్టి ఇచ్చారు. ఆ పాన్‌దాను చూసి నాకు మతిపోయింది. నల్లటి లోహం మీద వెండి తీగలతో పువ్వులూ లతలూ. బీదరు పని అట. పైన ఆకులకి ఒక పళ్ళెం, దాని కింద సున్నానికీ కాచుకీ వక్కకీ చిన్న చిన్న గిన్నెలు.

"ఎంత బాగుందండీ! మా గుంటూరులో ఇలాంటిది ఎక్కడా చూడలేదు" అన్నాను.

"మీకు నచ్చిందా? అయితే మీదే సాబ్. తీస్కపోండ్రి."

"అబ్బే, వద్దండీ."

"అట్లనకుండ్రి. మీకంటే ఎక్కువనా ఇది?"

"వద్దు వద్దు."

"నా మాట కాదంటరా? తీస్కోండ్రి."

మన వైపు మర్యాద మీకు తెలిసిందే. ఒకసారి వద్దంటాం, రెండోసారీ వద్దంటాం. మూడోసారి కూడా పెట్టారంటే మనసులో ఉండి పెడుతున్నట్టు, అప్పుడూ కాదంటే అవతలి మనిషిని చిన్నబుచ్చినట్టు. నాకు తెలిసిన పద్ధతి ప్రకారం నేను నడుచుకున్నాను. రెండు చేతులా పాన్‌దాను అందుకుని, "మీరింతగా అంటున్నారు కాబట్టి" అన్నాను. సాహెబుగారు అది ఉన్న చోటు వంక ఒకసారి చూశారు. తర్వాత లేచి, గేటుదాకా వచ్చి మరీ సాగనంపారు.

ఇంటికి వచ్చేసరికి జుబేదా పుస్తకాలు సర్దుకుంటోంది. నా చేతిలోది చూసింది. మొహం పాలిపోయింది. ఓణీ తలమీదికి లాక్కుని వెళ్ళిపోయింది.

"ఏం చేశారు మరిదిగారూ!" అన్నారు వదినగారు నెత్తిన చెయ్యి పెట్టుకుని. "అది వాళ్ళమ్మది. ఆవిడ పుట్టింటినుంచి తెచ్చుకుంది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆమె వస్తువని మిగిలింది అదొక్కటే."

"ఆయనే ఇచ్చారు వదినగారూ! మూడుసార్లు అడిగి ఇచ్చారు!"

అప్పుడే వచ్చిన అన్నయ్యగారు బెంచీ మీద కూలబడ్డారు. "మూడుసార్లేంది, ముప్పైసార్లిస్తరు. గీడ మెచ్చుకుంటే మీదే అంటరు, అది ఇజ్జత్. ఎన్నిసార్లిచ్చినా ఒద్దనాలె, అదీ ఇజ్జతే. రేపు నువ్వు ఆయన షేర్వానీ మెచ్చుకుంటే అదిగూడ ఇప్పి ఇస్తడు. తొడుక్కొస్తవా?"

"అయితే ఇప్పుడే వెళ్ళి తిరిగి ఇచ్చేస్తాను."

"ఇస్తే ఇంకా గలత్. ఇచ్చింది మొకాన కొట్టినట్టయితది. ఆ గొడవల ఏడాది మంది మీదికొస్తే మా ఇంటి ముంగట నిలవడి ఒక్కన్ని లోపటికి రానియ్యలేదు ఆ మనిషి. తర్వాత ఆయనకు కష్టమొస్తే మేం నిలవడ్డం. గసొంటి మనిషి ఇజ్జత్ నేను తియ్యలేను."

నాకు సిగ్గుతో అన్నం సహించలేదు. వదినగారు చేసిన పచ్చిపులుసు చాలా బాగుందని కరుణమ్మ తర్వాత చెప్పింది.

కోఠీ

బుధవారం ఏడుగంటలకే కుట్టుపని నేర్చుకునే అమ్మాయిలు వరండా నిండా చేరారు. సాయంత్రం ప్రార్థన కూటం. గురువారం కోఠీకి వెళ్ళాం, దవాఖాన పిల్లల స్వెట్టర్లకి ఊలు టోకున కొనడానికి. వదినగారు బేరమాడే తీరు చూడవలసిందే. దుకాణందారుతో ముందు వాళ్ళ పిల్లల చదువు, తర్వాత తల్లి మోకాళ్ళ నొప్పి, ఆ తర్వాత ఊలు. మన దగ్గరైతే "ఎంత? ఇంత. వద్దు పో" అని తేల్చేస్తారు. ఇక్కడ బేరం కుదిరేలోపు టీ కూడా వచ్చింది. నేను దుకాణంలో వేలాడుతున్న శాలువా బాగుందనబోయి, కరుణమ్మ మోచేత్తో పొడిస్తే నోరు మూసుకున్నాను. అప్పటినుంచి ఆ ఊళ్ళో నేను దేన్నీ మెచ్చుకోలేదు.

అయిదుకల్లా పరుగున ఇంటికి వచ్చాం, జుబేదా పాఠానికి. ఆ పిల్ల రాలేదు. వదినగారు నల్లబల్ల తుడిచి, సుద్దముక్క పట్టుకుని, దీపాలు పెట్టేవేళదాకా గుమ్మంలో కూర్చున్నారు.

"రెండేళ్ళలో ఒక్క పాఠం మానలేదు. జ్వరం వచ్చినా వచ్చేది" అన్నారు. నన్ను ఏమీ అనలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది. ఒక పిల్ల చదువు నా మూలంగా ఆగిపోయిందంటే, ఇన్నేళ్ళ హెడ్మాస్టరుగిరీ ఏమైనట్టు?

శుక్రవారం టీ

అన్నయ్యగారికి ఒక ఉపాయం తోచింది. సాహెబుగారిని మనింటికి టీకి పిలుద్దాం, పాన్‌దాను బల్లమీద పెడదాం, ఆయన బాగుందంటారు, వెంటనే మనం మీదే అందాం. వాళ్ళ పద్ధతే వాళ్ళకి అప్పజెప్పడం అన్నమాట.

శుక్రవారం నమాజు అయ్యాక సాహెబుగారు వచ్చారు. పాన్‌దాను లేసు గుడ్డమీద, బల్ల నడిమధ్యన, కళ్ళలో పొడిచినట్టు ఉంది. ఆయన దాన్ని తప్ప అన్నిటినీ చూశారు. గోడమీది యేసుప్రభువు పటం, ఊలు బుట్ట, కిటికీ.

"ఈ డబ్బా ఎంత మంచిగున్నదో చూడుండ్రి సాబ్" అన్నారు అన్నయ్యగారు, ఉండబట్టలేక.

"మాస్టర్ సాబ్ వస్తువు. దాని గురించి నేనేం చెప్త?" అన్నారాయన.

ఆయన ఆ రోజు టీని మెచ్చుకోలేదు, మనం కజ్జికాయలనే గరిజెల్ని మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే ఏమవుతుందో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు! మాటల మధ్య ఒక్కసారి మాత్రం అలవాటు కొద్దీ ఆయన చెయ్యి మూతవైపు వెళ్ళింది. సగం దూరంలో గుర్తొచ్చి వెనక్కి తీసుకుని మోకాలిమీద పెట్టుకున్నారు. నాకు లేచి వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకోవాలనిపించింది.

చర్చి ఆవరణ

శనివారం చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచి, పూలు సర్దే రోజు. నా చేతికీ చీపురు వచ్చింది. ఊడుస్తుండగా కరుణమ్మ నా పక్కకి వచ్చి మెల్లగా అంది, "ఏమండీ, గిన్నెలో ఏదైనా పెట్టి పంపితే ఆ గిన్నె ఖాళీగా వెనక్కి రాదు కదా?"

"రాదు."

"మనం ఊరినుంచి తెచ్చిన సున్నుండలు ఆ పాన్‌దానులో పెట్టి పంపుదాం. ఇది వాపసు ఇవ్వడం కాదు, పిండివంట ఇవ్వడం."

"వాళ్ళు ఇంకేదో నింపి మళ్ళీ మనకే పంపుతారే పిచ్చిదానా!"

"పంపనివ్వండి. రేపు సాయంత్రం మన బండి. రేపు పొద్దున మళ్ళీ నింపి పంపుతాను. బండి కదిలేటప్పటికి అది వాళ్ళింట్లో ఉంటే చాలు కదా?"

ముప్ఫై ఏళ్ళు హెడ్మాస్టరుగా ఉన్నది నేను, బుర్ర మాత్రం ఆవిడకి ఇచ్చాడు దేవుడు. పై పళ్ళెంలో సున్నుండలు పేర్చి మధ్యాహ్నం పంపాం. పొద్దుగూకే వేళకి జుబేదా స్వయంగా వచ్చింది. పళ్ళెం నిండా ఎండు ఖుబానీ పళ్ళు. "అబ్బాజాన్ పంపిండ్రు" అని వదినగారి చేతికే ఇచ్చింది. నా వైపు చూడలేదు. వదినగారు వదలకుండా కూర్చోబెట్టి ఒక పాఠం చెప్పి పంపారు. ఆ ఒక్కదానికీ నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆదివారం

పొద్దున్నే పాన్‌దాను గరిజెలతో మళ్ళీ ఎదురింటికి వెళ్ళింది. ఇక అటునుంచి ఏమీ రాకుండా ఉంటే బాగుండునని చర్చిలో కూర్చుని ప్రార్థన చేశాను. వదినగారు హార్మోనియం వాయించారు, అన్నయ్యగారు బండికి జెండా ఊపినంత ధీమాగా, శ్రుతి సంగతి పట్టించుకోకుండా పాడారు. నన్నూ పాటవాళ్ళ వరసలో నిలబెట్టారు. మధ్యాహ్నం భోజనానికి, ఊళ్ళో ఎవరూ లేని కుర్రగుమస్తాలు ఐదారుగురు వచ్చారు. ప్రతి ఆదివారం వస్తారట. బగారా అన్నం వదినగారే వండారు. ఇన్ని పనుల మధ్య ఆ దంపతులు ఒకరితో ఒకరు ఎప్పుడు మాట్లాడుకుంటారా అని చూశాను. గిన్నెలు కడిగేటప్పుడు. ఆవిడ తోమి ఇస్తుంటే ఆయన తుడుస్తూ, ఇద్దరూ ఏదో చెప్పుకుని తెగ నవ్వుకున్నారు. మా ఇంట్లో నేను గిన్నె తుడిచి ఎరగను. కరుణమ్మ కూడా అటే చూస్తోంది.

పెట్టెలు సర్దుకున్నాం. ఎదురింటినుంచి ఏమీ రాలేదు. తలుపు మూసే ఉంది. గెలిచాం అనుకుని రిక్షా ఎక్కాను.

మళ్ళీ స్టేషను

బండి కదలడానికి ఇంకా కాస్త వ్యవధి ఉందనగా, కరుణమ్మ నా చొక్కా లాగింది. ప్లాట్‌ఫారం మీద జనాన్ని తప్పించుకుంటూ షేర్వానీలో కరీం సాహెబు వస్తున్నారు. వెనక జుబేదా. సాహెబు చేతిలో పాన్‌దాను.

"అయిపోయింది" అన్నాను. దిగి పారిపోదామన్నా అవతలివైపు తలుపుకి సామాన్లు అడ్డం.

ఆయన కిటికీ దగ్గరికి వచ్చి మూత తెరిచారు. పళ్ళెం నిండా చుట్టిన కిళ్ళీలు, ఒక్కోదానికీ లవంగం గుచ్చి. "మీ ప్రయాణానికి. నేను చుట్టలే సాబ్, జుబేదా చుట్టింది. వాళ్ళమ్మ పోయినంక ఈ పిల్ల దీన్ని ముట్టలేదు. నిన్నటిసంది మీకు వాపస్ పంపాలెనని తానే తీస్తున్నది, తానే నింపుతున్నది."

అన్నీ రుమాల్లో కట్టి కరుణమ్మ ఒళ్ళో పెట్టారు. పాన్‌దాను మూత వేశారు. తర్వాత నా కళ్ళలోకి సూటిగా చూస్తూ, దాన్ని కిటికీ దగ్గరికి ఎత్తారు.

"ఇది మీది సాబ్. మర్చిపోయిన్రు. తీస్కోండ్రి."

నా చెయ్యి దానంతట అదే లేవబోయింది. మమ్మల్ని సాగనంపడానికి వచ్చి ఆయన పక్కన నిలబడ్డ అన్నయ్యగారి మొహం చూశాను. ఎన్నిసార్లిచ్చినా వద్దనాలి అన్న ఆయన మాట గుర్తొచ్చింది. అప్పుడు అర్థమైంది సాహెబుగారు స్టేషనుదాకా ఎందుకొచ్చారో.

"వద్దు సాహెబుగారూ" అన్నాను.

"మీకు నచ్చింది కదా. తీస్కోండ్రి."

"వద్దండీ. అది మీ ఇంట్లోనే ఉండాలి."

"నా మాట కాదంటరా?"

"కాదంటాను!"

గార్డు ఈల వేశాడు. బండి కదిలింది. సాహెబుగారు పాన్‌దాను ఎత్తిపట్టుకునే కిటికీ పక్కన నడుస్తున్నారు. ఆయన మొహం అంతకంతకూ విప్పారుతోంది. "ఇది మీదే మాస్టర్ సాబ్!" అంటున్నారు. "వద్దు, వద్దు, వద్దే వద్దు!" అని నేను తల బయటపెట్టి అరుస్తున్నాను. పెట్టెలో వాళ్ళంతా ఏదో తగాదా అనుకుని లేచి చూస్తున్నారు. మన ఊళ్ళో ఎవరినైనా అంత మొహాన వద్దంటే మళ్ళీ జన్మలో గుమ్మం తొక్కనివ్వరు.

ఆయన ఆగిపోయారు. గుండెమీద చెయ్యి పెట్టుకుని తల వంచారు. జుబేదా ఆయన చేతిలోంచి పాన్‌దాను తీసుకుని రెండు చేతులా పొట్టకి హత్తుకుంది. వారమంతా నా మొహం చూడని పిల్ల, బండి వెంట నాలుగడుగులు పరిగెత్తి, గొంతెత్తి పిలిచింది.

"మల్ల రాండ్రి మాస్టర్ సాబ్! మా ఇంటికి రాండ్రి!"